ఒక గది, నెలకు ఒక రోజు

గిన్నెలో రాగి జావ అరగంట నుంచి అలాగే ఉంది. చెంచా నోటి దాకా వస్తుంది, అంతలో మెడ పక్కకు తిరుగుతుంది, చెయ్యి ఎగురుతుంది, జావ చొక్కా మీద పడుతుంది. మళ్లీ మొదలు. నీళ్లు తాగించడం ఇంకా కష్టం. పలుచటి నీళ్లు పొలమారి ఊపిరితిత్తుల్లోకి పోతే న్యుమోనియా వస్తుంది. హంటింగ్టన్ అనే ఈ మెదడు జబ్బులో ఎక్కువమంది ప్రాణం తీసేది అదే. అందుకే ఆ ఇంటి కోడలు, అంటే రోగి భార్య, చెంచా వదలదు. పొద్దున గంట, మధ్యాహ్నం గంట, రాత్రి గంట. పత్తి ఏరడానికి కూలికి పోవడం ఎప్పుడో మానేసింది.

హంటింగ్టన్ వ్యాధి ఉన్న ఇల్లు ఇలా ఉంటుంది. వీధిలో మాత్రం ఆ మనిషికి పడే పేరు వేరు. నలభై ఏళ్ల మనిషి నడుస్తుంటే కాళ్లు తడబడతాయి, భుజాలు ఎగురుతాయి, ముఖం వంకర్లు పోతుంది. పొద్దున్నే తాగిండని బస్సు ఎక్కనివ్వరు. చాలామందిలో అంతకు కొన్నేళ్ల ముందే కోపం, అనుమానం, పని మీద ధ్యాస లేకపోవడం మొదలవుతాయి. అప్పుడు దాన్ని ఎవరూ జబ్బు అనుకోరు, మనిషి మారిండు అనుకుంటారు. మన దగ్గర ఇంకో ప్రమాదం కూడా ఉంది. తండ్రికి వచ్చింది, పెదనాన్నకు వచ్చింది, ఇప్పుడు కొడుక్కి వచ్చిందంటే ఎవరో బాణామతి చేశారన్న మాట పుట్టడానికి ఎంతోసేపు పట్టదు. ఆ మాట చివరికి ఏ ముసలమ్మ ప్రాణం మీదికో వస్తుంది. మంత్రాల నెపంతో జరిగిన హత్యల గురించి ఉత్తర తెలంగాణ పాఠకులకు మేము కొత్తగా చెప్పాల్సింది లేదు.

ఇది బాణామతి కాదు, తాగుడూ కాదు. 1872లో జార్జ్ హంటింగ్టన్ అనే అమెరికన్ డాక్టర్ దీన్ని వివరంగా రాశాడు. అప్పటికి అతనికి 22 ఏళ్లు. తండ్రి, తాత కూడా ఒకే ఊళ్లో డాక్టర్లు కావడంతో ఒకే కుటుంబాల్లో జబ్బు తరం తర్వాత తరం ఎలా దిగుతోందో అతను పోల్చుకోగలిగాడు. కారణమైన జన్యువు 1993లో దొరికింది. నాలుగో క్రోమోజోమ్ మీది ఆ జన్యువులో సీఏజీ అనే మూడక్షరాల ముక్క మళ్లీ మళ్లీ వస్తుంది. 26 సార్ల దాకా ఉంటే ఇబ్బంది లేదు. 40 గానీ అంతకు మించి గానీ ఉంటే ఏదో ఒక వయసులో, ఎక్కువగా 30 నుంచి 50 ఏళ్ల మధ్య, జబ్బు బయటపడుతుంది. ఆ తర్వాత పదిహేను, ఇరవై ఏళ్లు సాగుతుంది. నయం చేసే మందు లేదు.

వంశంలో వచ్చే జబ్బు అనగానే మనవాళ్లు మేనరికం అంటారు. ఇక్కడ ఆ లెక్క పనిచేయదు. తల్లికో తండ్రికో ఒక్కరికి ఉంటే చాలు, పుట్టే ప్రతి బిడ్డకూ సగానికి సగం అవకాశం. సంబంధం ఆదిలాబాద్ నుంచి తెచ్చుకున్నా, అమెరికా నుంచి తెచ్చుకున్నా అంతే. కాబట్టి మేనరికం చేసుకున్నారని ముసలి తల్లిదండ్రులను తిట్టిపోయడం మానాలి. కోడలు కాలుపెట్టిన వేళ బాగోలేదన్న మాట మరీ అన్యాయం. జబ్బు రక్తసంబంధంలో వచ్చింది, చాకిరీ మాత్రం బయటి నుంచి వచ్చిన మనిషి మెడకు చుట్టుకుంది. భర్తకు తినిపిస్తూ, ఎదురుగా హోంవర్క్ చేసుకుంటున్న ఇద్దరు పిల్లల్లో ఎవరికి వస్తుందో అని చూస్తూ బతికేది ఆమే.

రక్తపరీక్షతో ముందే తెలుసుకోవచ్చు. కానీ ఇది షుగర్ పరీక్ష లాంటిది కాదు. లక్షణాలు లేని పిల్లలకు చేయకూడదు. పెద్దవాళ్లకైనా ముందు కౌన్సెలింగ్, తర్వాత కౌన్సెలింగ్ ఉండాలి. నాకు తెలుసుకోవాలని లేదు అనే హక్కు కూడా వాళ్లకు ఉంది. పెళ్లిచూపుల్లో రిపోర్టు అడిగే పెద్దమనుషులు ఈ సంగతి గుర్తుపెట్టుకోవాలి.

మేము అడుగుతున్నది పెద్ద కోరిక కాదు. వరంగల్‌లో నెలకు ఒక రోజు, ఒక గదిలో న్యూరాలజిస్టు, సైకియాట్రిస్టు, ఫిజియోథెరపిస్టు, ఆహార నిపుణులు, జన్యు కౌన్సిలర్ కలిసి కూర్చోవాలి. కలిసి ఎందుకంటే, ఒంట్లో ఎగురుళ్లు తగ్గించడానికి వాడే టెట్రాబెనజీన్ కొందరిలో డిప్రెషన్ పెంచుతుంది. ఈ జబ్బులో ఆత్మహత్య ముప్పు అసలే ఎక్కువ. ఒక డాక్టర్ రాసిన మందు ఏం చేస్తోందో రెండో డాక్టర్ చూడకపోతే కుదరదు. ఎప్పుడూ కదులుతూ ఉండే ఒంటికి మామూలు మనిషి కన్నా చాలా ఎక్కువ తిండి కావాలి, అదీ గొంతు దిగే రూపంలో ఉండాలి. ఇవన్నీ వేర్వేరు రోజుల్లో, వేర్వేరు ఓపీ చీటీలతో జరిగే పనులు కావు. ఇప్పుడు జెనెటిక్స్ సలహా కావాలంటే హైదరాబాద్ నిమ్స్‌కు పోవాలి. వరంగల్ నుంచి దాదాపు 150 కిలోమీటర్లు. కుర్చీలో నిలకడగా కూర్చోలేని మనిషితో రైలు జనరల్ బోగీలో ఆ ప్రయాణం ఎలా ఉంటుందో ఊహించుకోండి. ఎంజీఎం ఆసుపత్రి ఉంది, కాకతీయ మెడికల్ కాలేజీ ఉంది, ఆరోగ్య విశ్వవిద్యాలయమే వరంగల్‌లో ఉంది. జన్యు కౌన్సిలర్ ఇక్కడ లేకపోతే నిమ్స్ నుంచి వీడియోలో కూర్చోబెట్టవచ్చు. క్లినిక్ లేని చోట జనం గోడల మీది 'నరాల బలహీనత' ప్రకటనల్లోని ఫోన్ నంబరుకే చేస్తారు.

డబ్బు సంగతి. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది, వాటిలో దీర్ఘకాలిక నరాల జబ్బులు ఉన్నాయి. ఉదాహరణగా పార్కిన్సన్స్ పేరు చెప్పింది, హంటింగ్టన్ పేరు చెప్పలేదు. పేరు లేదని, వైకల్య శాతం తేల్చే సదరం క్యాంపు నుంచి ఎవరినీ వెనక్కి పంపకుండా రాతపూర్వక ఆదేశం కావాలి. కాళ్లూ చేతులూ ఉన్నాయి కదా అని శాతం తగ్గిస్తే, గ్యాస్ స్టవ్ కట్టేయడం మరిచిపోయే మనిషికి న్యాయం జరగదు. 4,016 రూపాయల పింఛను కూడా వైకల్యం కనీసం 40 శాతం ఉంటేనే. అదే చట్టం 24వ సెక్షన్‌లో, ఎక్కువ సాయం అవసరమైన వాళ్లకు సంరక్షకుల భత్యం అన్న మాట ఉంది. అది ఉమ్మడి వరంగల్‌లో ఎన్ని ఇళ్లకు చేరిందో సర్కారే చెప్పాలి.

2025 సెప్టెంబరులో ఒక జన్యు చికిత్స ప్రయోగం ఈ వ్యాధి వేగాన్ని బాగా తగ్గించిందన్న ప్రకటన వచ్చింది. ఆపరేషన్ చేసి మెదడులోకి ఎక్కించే మందు అది, కొద్దిమంది మీదే చూశారు. మంచి వార్తే. అయితే అది పరకాల దాకా వచ్చేలోపు ఆ జావ గిన్నెతో గడవాల్సిన పూటలు వేలల్లో ఉన్నాయి. పాత సెంట్రల్ జైలు స్థలంలో కడుతున్న పెద్దాసుపత్రి కోసం కూడా ఆగనక్కర్లేదు. ఉన్న ఆసుపత్రిలో ఓ గదికి తేదీ రాసి బోర్డు పెడితే, వచ్చే నెలలోనే మొదలుపెట్టవచ్చు.