రెడ్ అలర్ట్ ఈఏ వాళ్ల గేమ్ అంట!

ఇందాక ఆఫీసులో టీ తాగుతుంటే రెడ్ అలర్ట్ అనే పాత కంప్యూటర్ యుద్ధం గేమ్ మాట వచ్చింది. కొత్తగా చేరిన కుర్రాడు "రెడ్ అలర్టా? ఈఏ వాళ్ల గేమ్ కదన్నా" అన్నాడు. ఈఏ అంటే ఎలక్ట్రానిక్ ఆర్ట్స్, పెద్ద గేమ్ కంపెనీ. అప్పటి నుంచి ఒళ్లు మండిపోతోంది. వాడినేం అనను, ఇప్పుడు ఎక్కడ చూసినా దాని మీద ఆ లోగోనే ఉంది మరి.

అది వెస్ట్‌వుడ్ వాళ్ల గేమ్. 1985లో లాస్ వేగాస్‌లో బ్రెట్ స్పెర్రీ, లూయిస్ కాసిల్ పెట్టిన కంపెనీ. మొదట్లో వేరేవాళ్ల గేమ్స్‌ని ఒక కంప్యూటర్ నుంచి ఇంకో రకం కంప్యూటర్‌కి మార్చిపెట్టేవాళ్లు, మన సర్వీస్ కంపెనీల పని లాంటిదే. కానీ అక్కడే ఉండిపోలేదు. 1992లో డ్యూన్ 2 తీశారు. బేస్ కట్టు, హార్వెస్టర్ బండిని పంపి ఎడారిలో దొరికే స్పైస్ అనే సరుకు తెప్పించు, ఆ డబ్బుతో ట్యాంకులు చేయించి శత్రువు మీదకి తోలు, అదీ వంతులవారీగా కాదు, అవతలివాడు కూడా అదే టైమ్‌లో నీ మీదకి వస్తుంటాడు. ఏజ్ ఆఫ్ ఎంపైర్స్, స్టార్‌క్రాఫ్ట్ ఫ్యాన్స్ ఏమనుకున్నా సరే, ఆ దారి వేసింది వీళ్లే.

1995లో కమాండ్ అండ్ కాంకర్ వచ్చింది. డబ్బాలో రెండు సీడీలు, గేమ్‌లో కొట్టుకునే రెండు పక్షాల్లో ఒకటి జీడీఐది, ఇంకోటి నాడ్‌ది. ఒక్క కాపీ కొంటే చాలు, ఒక సీడీ నీ సిస్టమ్‌లో, రెండోది ఫ్రెండ్ సిస్టమ్‌లో వేసుకుని ఇద్దరూ ఆడుకోవచ్చు. ఆడేవాడి జేబు గురించి ఆలోచించారండీ వాళ్లు! ఇప్పుడు డబ్బు పెట్టి కొన్న గేమ్ ఒంటరిగా ఆడుకోవడానికి కూడా లాగిన్, ఓటీపీ, అప్‌డేట్. మరుసటి ఏడాదే అదే సిరీస్‌లో రెడ్ అలర్ట్. బూట్ల చప్పుడు మీద గిటార్ ఎక్కే ఆ 'హెల్ మార్చ్' ట్యూన్ ఫ్రాంక్ క్లెపాకీది, ఇప్పటికీ వింటే రోమాలు నిక్కబొడుచుకుంటాయి.

1998లో వెస్ట్‌వుడ్‌ని ఈఏ కొనేసింది. 12 కోట్ల 25 లక్షల డాలర్ల డీల్. ఐదేళ్లు తిరక్కుండా, 2003లో లాస్ వేగాస్ స్టూడియోకి తాళం. లాస్ ఏంజెలెస్ వస్తే రండి, లేకపోతే లేదు. వెళ్లనివాళ్లలో కొందరు లాస్ వేగాస్‌లోనే పెట్రోగ్లిఫ్ అని సొంత గేమ్ కంపెనీ పెట్టుకున్నారు. అసలు మండేది ఇక్కడే. 2020లో పాత గేమ్స్‌ని మెరుగులు దిద్ది అమ్ముకోవాల్సి వచ్చినప్పుడు ఈఏ ఎవరి దగ్గరికి వెళ్లింది? ఆ పెట్రోగ్లిఫ్ దగ్గరికే! సంగీతానికి మళ్లీ ఆ క్లెపాకీయే. అంత పనికొచ్చేవాళ్లయితే ఎందుకు మూశారు? ఇంగ్లండ్‌లో బుల్‌ఫ్రాగ్, అమెరికాలోని ఆస్టిన్‌లో ఆరిజిన్ అని ఇంకో రెండు గేమ్ స్టూడియోలుండేవి, వాటినీ కొని ఇదే గతి పట్టించారు.

మా పాత కంపెనీని పెద్దవాళ్లు కొన్నప్పుడు కూడా టౌన్ హాల్ మీటింగ్ పెట్టి, కేక్ కోసి, "ఏమీ మారదు, మీరంతా మా ఫ్యామిలీ" అన్నారు. ముందు మా ప్రోడక్ట్ పేరు పోయింది, తర్వాత మా మేనేజర్ పోయాడు, ఆ తర్వాత ఒక శుక్రవారం సాయంత్రం టీమ్ మొత్తానికీ మెయిల్ వచ్చింది. మేం రాత్రిళ్లు కూర్చుని రాసిన ఆ కోడ్‌నే ఇప్పుడు వేరే పేరుతో అమ్ముకుంటున్నారు. దాన్ని రాసినవాళ్లలో ఒక్కరంటే ఒక్కరు ఇవాళ ఆ కంపెనీలో లేరు.

"బిజినెస్ అంటే అంతే బ్రో" అని చెప్పడానికి కింద కామెంట్లలోకి ఎవరూ రావద్దు.