ఆ వెబ్‌క్యామ్ మెసేజ్ ఇక ఎవరికీ పంపకండి

ఈ వారంలో నాలుగోసారి వచ్చింది. ముందు అమలాపురంలో నాతో చదువుకున్నవాళ్ళ గ్రూపులో, తర్వాత మా వీధి గ్రూపులో, నిన్న రాత్రి రావులపాలెం నుంచి మా బావగారు, ఇవాళ పొద్దున్నే కాకినాడలో ఉండే మా పిన్ని కొడుకు. "లైనక్స్‌లో వెబ్‌క్యామ్ బొమ్మ సరిగా రావట్లేదా? ఈ ఏడు సంగతులు తెలుసుకోండి, పదిమందికి పంపండి" అని. విండోస్ 10కి 2025 అక్టోబర్ 14తో సపోర్ట్ ఆగిపోయాక మన చుట్టుపక్కల చాలామంది పాత లాప్‌టాప్‌ల మీద విండోస్ బదులు లైనక్స్ రకాలైన మింటో, ఉబుంటూయో వేయించుకున్నారు. కొన్నిటికి నేనే వేశాను, కాబట్టి ఈ మెసేజ్ నమ్మి ఎవరేం చేసుకున్నా ఫోను నాకే వస్తుంది. వచ్చింది కూడా. అందుకే కూర్చుని రాస్తున్నాను.

తేలిపోయేవి ముందు. "ఉప్పుగాలికి కెమెరాలు పాడవుతాయి, సముద్రం దగ్గర ఊళ్ళవాళ్ళు ఏటా మార్చుకోవాలి" అన్నది ఆరో పాయింటు. అవసరం లేదు. అంతర్వేదిలో మా చుట్టాల ఇంట్లో ఎనిమిదేళ్ళ నాటి వెబ్‌క్యామ్ ఇప్పటికీ పనిచేస్తోంది. బొమ్మ మసగ్గా ఉంటే లెన్స్ మీద కొబ్బరినూనె వేలిముద్ర ఉందేమో చూసి మెత్తటి గుడ్డతో తుడవండి, చాలు.

"కుడి ఎడమలు తారుమారైతే డ్రైవర్ చెడినట్టు" అన్నది ఐదోది (డ్రైవర్ అంటే కెమెరాని నడిపించే సాఫ్ట్‌వేర్). కాదు. మన బొమ్మ మనకి అద్దంలోలా చూపించడం వీడియో కాల్ ప్రోగ్రాముల అలవాటు, అవతలివాళ్ళకి సరిగానే వెళ్తుంది. ఏదైనా పేపరు కెమెరా ముందు పెట్టి, అక్షరాలు చదవగలుగుతున్నారా అని వాళ్ళనే అడగండి. తలకిందులుగా రావడం మాత్రం వేరే సంగతి. కొన్ని లాప్‌టాప్‌లలో కెమెరాని ఫ్యాక్టరీలోనే తిరగేసి బిగించారు. అలాంటి మోడళ్ళ జాబితా లిబ్‌వి4ఎల్ అనే లైబ్రరీలో, అంటే ప్రోగ్రాములు వాడుకునే కోడ్ కట్టలో, ఉంటుంది, ఆ లైబ్రరీ మీదుగా ప్రోగ్రాం తెరిస్తే బొమ్మ నిటారుగా వస్తుంది.

మూడో పాయింటు చదివితే ఒళ్ళు మండింది. "బొమ్మ మీద అడ్డగీతలు పాకుతుంటే కెమెరా పోయినట్టే, కొత్తది కొనండి" అట. మన కరెంటు 50 హెర్ట్జ్, అంటే సెకనుకి యాభైసార్లు అటూ ఇటూ ఊగుతుంది. ట్యూబులైటు, చవకరకం ఎల్‌ఈడీ బల్బు సెకనుకి వందసార్లు మినుకుతాయి, మన కంటికి తెలియదు గాని కెమెరాకి తెలుస్తుంది. అమెరికాలో, సౌదీలో కరెంటు 60 హెర్ట్జ్. అక్కడి నుంచి అబ్బాయి పంపిన వెబ్‌క్యామ్ 60 మీద పెట్టి ఉంటే, ఇక్కడి లైటు కింద బొమ్మలో ఒక వరసకి వెలుగు ఎక్కువ పడుతుంది, పక్క వరసకి తక్కువ పడుతుంది. మీరు చూసే గీతలు అవే. ఇక్కడ కొన్నవాటిలోనూ కొన్ని 60 మీదే వస్తాయి. జీయూవీసీవ్యూ అనే ప్రోగ్రాం వేసుకుని అందులో పవర్ లైన్ ఫ్రీక్వెన్సీని 50కి మార్చండి, గీతలు అక్కడికక్కడే పోతాయి. కొన్ని కెమెరాలు తీసి మళ్ళీ గుచ్చగానే పాత అంకెకి వెళ్ళిపోతాయి, వాటికి ఒక యూడెవ్ రూల్ (ఏదైనా గుచ్చగానే ఏం చేయాలో లైనక్స్‌కి చెప్పే చిన్న ఆదేశం) రాసిపెట్టుకుంటే గుచ్చినప్పుడల్లా 50 అవుతుంది. పగలు కిటికీ పక్కన లైటు ఆర్పేసి చూస్తే గీతలు లేకపోవడమే దీనికి రుజువు. ఈ మాత్రానికి జనం చేత డబ్బు ఖర్చుపెట్టిస్తారా?

"ఆగి ఆగి వస్తే ర్యామ్ పెంచండి" అనే నాలుగోదీ ఇలాంటిదే. గదిలో వెలుగు చాలకపోతే కెమెరా ఒక్కో ఫ్రేముకి ఎక్కువసేపు తీసుకుంటుంది, ఫ్రేములు తగ్గిపోతాయి. అదే జీయూవీసీవ్యూలో డైనమిక్ ఫ్రేమ్‌రేట్ అన్నది ఆపేస్తే బొమ్మ కాస్త చీకటిగా వచ్చినా ఆగకుండా వస్తుంది. వెలుగు బాగున్నా ఆగుతుంటే ఫార్మాట్ చూడండి. కుదించకుండా పంపే వైయూవైవీలో 1280 బై 720 బొమ్మ సెకనుకి 30 ఫ్రేములంటే 55 మెగాబైట్లు. మామూలు వెబ్‌క్యామ్ యూఎస్‌బీ 2.0 మీద సెకనుకి 24 మెగాబైట్లకి మించి పంపలేదు. అందుకే ఆ సైజులో వైయూవైవీ పెడితే చాలా కెమెరాలు 10 ఫ్రేములకి దిగిపోతాయి. కుదించి పంపే ఎంజేపీజీకి మారిస్తే 30 వస్తాయి. ఇందులో ర్యామ్ ప్రసక్తి ఎక్కడుందండీ?

ఇక అసలైనది, నేను ఇంత రాయడానికి కారణమైనది మొదటి పాయింటు. "లైనక్స్‌లో వెబ్‌క్యామ్‌లకి డ్రైవర్ ఉండదు, ఈ లింకులోని ఫైలు దించుకుని సుడోతో నడపండి."

మొదటి సగం అబద్ధం. యూవీసీ అనే ఉమ్మడి ప్రమాణం పాటించే కెమెరాల డ్రైవర్ 2008లో వచ్చిన 2.6.26 నుంచీ లైనక్స్ గుండెకాయ అయిన కెర్నల్‌లోనే ఉంది. ఇవాళ బజార్లో దొరికే యూఎస్‌బీ వెబ్‌క్యామ్‌లలో దాదాపు అన్నీ యూవీసీవే. గుచ్చితే చాలు.

రెండో సగం ప్రమాదం. సుడోతో నడపడమంటే ఆ ఫైలుకి మిషన్ మొత్తం మీద పూర్తి హక్కు ఇవ్వడం. రాజోలు దగ్గర మాకు లెక్కలు చెప్పిన మాస్టారు ఉన్నారు, డెబ్బై దాటాయి. మస్కట్‌లో ఉన్న మనవరాలితో ఆదివారం మాట్లాడుకోవడానికే ఆయనకి ఆ లాప్‌టాప్. ఆయనకి వచ్చిన ఇబ్బంది పైన చెప్పిన గీతలే. ఎవరో ఈ మెసేజ్ పంపారు, ఆయన అక్షరం పొల్లుపోకుండా చేశారు. గీతలు పోలేదు. గోరుచుట్టు మీద రోకటిపోటులా అప్‌డేట్లు కూడా ఆగిపోయాయి. నేను వెళ్ళి ఆ ఫైలు తెరిచి వరస వరసగా చదివాను. కెమెరా సంగతి అందులో ఒక్క వరస కూడా లేదు. ఎవరిదో తెలియని సర్వర్‌ని సాఫ్ట్‌వేర్, అప్‌డేట్లు వచ్చే చోట్ల జాబితాలో చేర్చింది, మిషన్ ఆన్ అయినప్పుడల్లా అక్కడి నుంచి ఇంకో ఫైలు తెచ్చుకుని రూట్ హక్కుతో, అంటే ఆ పూర్తి హక్కుతోనే, నడిపేలా ఏర్పాటు చేసింది. మాస్టారు పెన్షన్ ఖాతా చూసుకునేదీ, బ్యాంకు పాస్‌వర్డ్ కొట్టేదీ అదే లాప్‌టాప్‌లో. దొంగ చేతికి తాళాలు ఇవ్వడం అంటే ఇంకేముంటుంది? ఫొటోలు మాత్రం పెన్‌డ్రైవ్‌లోకి తీసి, డిస్కు మొత్తం తుడిచి మళ్ళీ మింట్ వేశాను, పాస్‌వర్డులన్నీ నా ఫోన్‌లోంచి మార్పించాను. ఒక సాయంత్రం అంతా పట్టింది. ఆయన రెండుసార్లు "నాదే తప్పురా" అన్నారు. ఆయన తప్పు కాదు. చదవకుండా, ఒక్కసారి కూడా తన మిషన్‌లో చేసి చూడకుండా ఫార్వర్డ్ నొక్కిన ప్రతివాళ్ళదీ తప్పు. మా బావగారూ, మీరు కూడా అందులో ఉన్నారు, కోపం తెచ్చుకోకండి.

ఎవరు పంపినా సరే, నేను పంపినా సరే, లింకులోంచి దించిన ఫైలుని చదవకుండా సుడోతో నడపకండి. మీ డిస్ట్రో (మింట్, ఉబుంటూ లాంటిది) సాఫ్ట్‌వేర్ మేనేజర్‌లో దొరకనిది వెబ్‌క్యామ్ కోసం ఏదీ అక్కర్లేదు. ఒక్క మినహాయింపు ఉంది, అది చివర చెప్తాను.

రెండోది "బొమ్మ నల్లగా వస్తే సీహెచ్‌మాడ్ 777 కొట్టండి". సీహెచ్‌మాడ్ అంటే ఫైలు ఎవరెవరు తెరవచ్చో మార్చే ఆదేశం. లైనక్స్‌లో కెమెరా పేరైన వీడియో0 మీద 777 కొడితే ఆ మిషన్‌లోని ఏ యూజరైనా, ఏ సర్వీసైనా మీ కెమెరా తెరవచ్చు. పోనీ నిలుస్తుందా అంటే రీస్టార్ట్ అయ్యేసరికి ఆ పర్మిషన్ పోతుంది. మామూలుగా లాగిన్ అయినవాళ్ళకి కెమెరా హక్కు దానంతటదే వస్తుంది, రాకపోతే యూజర్‌ని వీడియో గ్రూపులో చేర్చి ఒకసారి లాగౌట్ అవ్వండి. నల్ల బొమ్మకి చాలావరకు పర్మిషన్ కారణమే కాదు. కెమెరా ముందున్న చిన్న మూత జరిపి ఉంటుంది, లేదా కీబోర్డు మీది కెమెరా బటన్ నొక్కుకుని ఉంటుంది, లేదా వెనకాల బ్రౌజర్లో ఇంకో కాల్ కెమెరాని పట్టుకుని ఉంటుంది. కెర్నల్ 4.16 నుంచి ఒక్క కెమెరాకే వీడియో0, వీడియో1 అని రెండు కనిపిస్తాయి, రెండోదాంట్లో బొమ్మ ఉండదు, మొదటిది ఎంచుకోండి. స్నాప్‌గానో ఫ్లాట్‌ప్యాక్‌గానో (మిగతా సిస్టమ్ నుంచి విడిగా ఉంచే ప్యాకేజీలు ఇవి) వేసుకున్న ప్రోగ్రాం అయితే దానికి కెమెరా అనుమతి విడిగా ఇవ్వాలి.

మిగిలింది ఏడోది. "కొత్త లాప్‌టాప్‌ల కెమెరాలు లైనక్స్‌లో రావు." ఇది కూడా కొట్టిపారేద్దామనే మొదలుపెట్టాను. కానీ ఇందులో నిజం ఉంది. ఈ మధ్య వస్తున్న కొన్ని ఇంటెల్ లాప్‌టాప్‌లలో కెమెరా యూఎస్‌బీ మీద ఉండదు, ప్రాసెసర్‌లో బొమ్మల పని చూసుకునే ఐపీయూ6 అనే భాగానికి నేరుగా కలిపి ఉంటుంది, యూఎస్‌బీ పరికరాల జాబితా చూపే ఎల్‌ఎస్‌యూఎస్‌బీ కమాండ్‌లో అసలు కనిపించదు. దానికి కావలసిన డ్రైవర్‌లో కొంత భాగం 2024లో కెర్నల్ 6.10లో చేరింది. మిగతా బొమ్మ తీర్చిదిద్దే పని లిబ్‌కెమెరా అనే సాఫ్ట్‌వేర్‌తో చేయించుకోవాలి, లేదా తయారీదారు విడిగా ఇచ్చే డ్రైవర్ వేసుకోవాలి. సెన్సర్‌ని బట్టి ఒక మోడల్‌లో వస్తుంది, ఇంకోదాంట్లో రాదు. నేను చెప్పిన మినహాయింపు ఇదే, ఆ డ్రైవరైనా తయారీదారు దగ్గర నుంచో డిస్ట్రో దగ్గర నుంచో రావాలి గాని వాట్సాప్ లింకు నుంచి కాదు. దీనికి విండోస్‌కి వెళ్ళిపొమ్మనడం నాకు ఒప్పుదల కాదు, కానీ "ఏ లాప్‌టాప్ అయినా పర్లేదు కొనుక్కో" అని భీమవరంలో మా మేనకోడలికి చెప్పింది నేనే, చెప్పేముందు కెమెరా ఎలాంటిదో చూడలేదు. దాని బొమ్మ నల్లగానే ఉంది. ఇప్పటికి ఒక యూఎస్‌బీ వెబ్‌క్యామ్ తెచ్చి 50 హెర్ట్జ్‌కి పెట్టి ఇచ్చాను. కొత్త కెర్నల్ వచ్చినప్పుడు లోపలి కెమెరా మళ్ళీ చూస్తానని మాటిచ్చాను.