అక్కడేముందని, ఇసుక తప్ప!

దేశాభివృద్ధికి అడ్డం పడేవాళ్ల జాబితా ఎవరైనా తయారు చేస్తే, అందులో పర్యావరణ విలేకరులను, వాళ్లలోనూ ఎడారుల మీద రాసేవాళ్లను మొదటి వరసలో చేర్చాలని నా మనవి. అడవి గురించి రాసేవాణ్ణి అర్థం చేసుకోవచ్చు. అక్కడ చెట్టుంది, పులుంది, ఫొటో బాగా వస్తుంది. ఎడారిలో ఏముంది? ఇసుక. దాని పక్కన మరికొంత ఇసుక. దానికోసం ఆదివారం అనుబంధంలో రెండు పేజీలు నింపేవాడికి ఎంత తీరిక ఉండాలి!

పథకాలు వేసే పెద్దలు ఎడారిని ఉపగ్రహ చిత్రంలో చూస్తారు. పసుపు పచ్చగా, మరకలేకుండా, ఎవరో మనకోసమే తుడిచిపెట్టినట్టు ఉంటుంది. చూడాల్సిన పద్ధతి అదీ. ఈ విలేకరులు మాత్రం జీపు దిగుతారు. దిగి ఊరుకుంటారా, కిందికి వంగుతారు. గొడవంతా ఆ వంగడంతోనే మొదలవుతుంది.

అమెరికాలోని మొహావీ ఎడారిలో ఇలాగే వంగి చూశారు. నేల మీద నల్లగా, గరుగ్గా ఒక పెచ్చు కనబడింది. సయనోబ్యాక్టీరియా అనే సూక్ష్మజీవులు, లైకెన్లు, నాచు కలిసి సన్నటి పోగులతో ఇసుక రేణువుల్ని ఒకదానికొకటి కట్టిపడేసిన పొర అది. గాలికి నేల లేచిపోకుండా కాపాడేది అదేనట. బూటు కాలు పడితే పెళుసుగా చిట్లుతుంది, మళ్లీ కూడుకోవడానికి దశాబ్దాలు పడుతుంది. 1942 నుంచి 1944 దాకా అక్కడ సైన్యం ట్యాంకులతో శిక్షణ పొందింది. ఆ చక్రాల గాట్లు ఇప్పటికీ కనిపిస్తున్నాయని విలేకరులు వాపోతారు. వాపోవడమెందుకు? ఎనభై ఏళ్లు చెక్కుచెదరని బాట మన కాంట్రాక్టర్లలో ఎవరు వేయగలిగారో చెప్పమనండి.

సరే, మన థార్ ఎడారి సంగతికి వద్దాం. ఎవరూ లేని చోటు కాబట్టే 1974లో, మళ్లీ 1998లో పోఖ్రాన్ దగ్గర అణు పరీక్షలు జరిపాం. ఆ పక్కనే ఖేతోలాయి అనే ఊరుందని, అందులో మనుషులుంటున్నారని వీళ్లు రాస్తారు. ప్రపంచంలో జనం ఇంత ఒత్తుగా ఉన్న ఎడారి మరొకటి లేదని కూడా రాస్తారు. ఉంటే ఉన్నారు, ఖాళీ అని మనం ముందే నిర్ణయించుకున్నాక మధ్యలో వాళ్లు కాపురాలుండటం ఏం మర్యాద?

జైసల్మేర్ చుట్టుపక్కల ఓరణ్‌లని ఉంటాయి. దేవుడి పేరు మీద వదిలేసిన నేల. అక్కడ కొమ్మ నరకరు, దుక్కి దున్నరు. పశువులు మేస్తాయి, వాన పడితే ఆ నీళ్లు కుంటలోకి చేరతాయి. రెవెన్యూ దస్త్రాల్లో వీటిలో చాలావాటికి బంజరు అని రాసి ఉంటుంది. ప్రభుత్వ దస్త్రం అబద్ధమాడదు. కాబట్టి అక్కడ మేస్తున్న ఒంటె లేదు, గొర్రె లేదు, వాటి వెనకాల కర్ర పట్టుకు నడుస్తున్న ముసలాయన అసలే లేడు. ఓరణ్‌లను దస్త్రాల్లో ఓరణ్‌లుగానే రాయమని ఊళ్ల జనం కాలినడకన యాత్రలు చేశారు. లేని మనుషులకు అంత దూరం నడిచే ఓపిక ఎక్కణ్ణుంచి వచ్చిందో!

పోనీ ఇదంతా విలేకరులు ఎగదోసిందే అందామంటే చరిత్ర సహకరించడం లేదు. 1730లో జోధ్‌పూర్ రాజు మనుషులు ఖేజ్రీ చెట్లు, అంటే మన జమ్మి చెట్లు, కొట్టడానికి ఖేజర్లీ అనే ఊరికి వెళ్తే అక్కడి బిష్ణోయీ సమాజం వాళ్లు వాటిని కావలించుకున్నారు. అమృతాదేవితో మొదలుపెట్టి 363 మంది ప్రాణాలిచ్చారు. అప్పటికి ఆ దేశంలో పత్రికలే లేవు. వాళ్లను రెచ్చగొట్టిందెవరో నేటికీ తేలలేదు.

ఇక బట్టమేక పిట్ట. రాజస్థాన్ రాష్ట్ర పక్షి. మగపక్షి పదిహేను కిలోల దాకా తూగుతుంది. కళ్లు తలకు రెండు పక్కలా ఉండటంతో ఎదురుగా ఉన్నది సరిగ్గా ఆనదు. హైటెన్షన్ తీగ దగ్గరికొచ్చాక చూసినా, ఆ బరువుతో పక్కకు తిరగలేక గుద్దుకుని చస్తుంది. ముందుచూపు లేని ప్రాణి అంటే ఇదే. లెక్కకు నూట యాభై కూడా మిగల్లేదంటే మరి మిగల్దు. దాని ఆవాసంలో తీగలు భూమిలోంచి వేయమని 2021లో సుప్రీంకోర్టు చెప్పింది. అంతటా అలా కుదరదని సౌరవిద్యుత్తు కంపెనీలూ ప్రభుత్వమూ మొర పెట్టుకుంటే 2024లో ఆ ఆదేశాన్ని సవరించి నిపుణుల కమిటీ వేసింది. ఏడాదికి మహా అయితే ఒకటో రెండో గుడ్లు పెట్టే పిట్టకి ఇప్పుడొక కమిటీ ఉంది. ఇంతకన్నా ఏం కావాలి?

అన్నట్టు, సౌరవిద్యుత్తు మంచిదేనని ఈ విలేకరులూ ఒప్పుకుంటారు, అదే నాకు మింగుడుపడనిది. రాజస్థాన్‌లోని భడ్లాలో దాదాపు 14,000 ఎకరాల్లో 2,245 మెగావాట్ల సౌర పార్కు వెలిసింది. ఎండ ఊళ్ల మీద కూడా పడుతుంది కదా, కొంత ఇళ్ల కప్పుల మీద పెట్టకూడదా అంటారు. కప్పుకి యజమాని ఉంటాడు. అతనికి ఓటుంటుంది, వకీలుంటాడు. ఎడారి నక్కతో ఆ బెడద లేదు.

అంతకన్నా పెద్ద విషయం ఒకటి విచారణకు నోచుకోలేదు. సహారాలో, చాద్ దేశపు బోడెలే పల్లంలో, ఎండిపోయిన చెరువు దుమ్ము అట్లాంటిక్ దాటి అమెజాన్ అడవి మీద పడుతోంది. సహారా దుమ్ముతో పాటు ఏటా సుమారు 22,000 టన్నుల ఫాస్ఫరస్ ఆ అడవికి అందుతోందని నాసా 2015లో లెక్కగట్టింది. టెండరు లేదు, రవాణా బిల్లు లేదు. పనికిరాని ఎడారి ఒకటి ఎవరి అనుమతితో ఇంత ఎరువు సరఫరా చేస్తోంది?

మేలుకోరేవాళ్లు కొందరు ఎడారిలో మొక్కలు నాటి పచ్చగా చేద్దామంటారు. ఆ ముచ్చటా తీరింది. మెక్సికో వైపు నుంచి తెచ్చిన సర్కారు తుమ్మ ఇప్పుడు థార్‌లోని గడ్డినీ, మేతనీ తినేసి ఎవరు చెప్పినా వినకుండా పెరుగుతోంది. పేరులోనే సర్కారుంటే మాట వింటుందా?

ఈ విలేకరులను అదుపు చేయడం పత్రికలకు తెలియని విద్యేం కాదు. బట్టమేక పిట్ట గురించి రాస్తానంటే, ఒంటె మీద సూర్యాస్తమయం ఫొటో ఉందా అని డెస్క్ అడుగుతుంది. మొదటి పేజీ నిండా సౌర కంపెనీ ప్రకటన ఉన్న రోజున వ్యాసం తనంతట తనే లోపలి పేజీకి జరిగి, అక్కణ్ణుంచి వచ్చే వారానికి జరుగుతుంది.

ఇది చాలదు. ఎడారికి వెళ్లే విలేకరి నిటారుగా నడవాలని, చీకటి పడేలోగా హోటలుకు చేరాలని నిబంధన పెట్టాలి. నక్కలూ, ఎలుకలూ, తేళ్లూ రాత్రే కదా బయటికొచ్చేది. పర్యావరణ ప్రభావ నివేదిక కోసం సర్వే మే నెలలో, మధ్యాహ్నం రెండింటికి, జీపు అద్దాలు ఎత్తి, ఏసీ వేసుకుని చేయాలి. అప్పుడు జీవజాలం అన్న గడిలో ఏం రాయాలా అని ఎవరూ తడుముకోనక్కర్లేదు.