గడ్డి మిషన్ ఇంజిన్‌కి ప్రాప్ సైజు అడుగుతున్న తమ్ముడికి

రేడియోతో ఎగరేసే మోడల్ విమానానికి పెట్టుకుందామని మొన్న ఒక తమ్ముడు ఒక ఇంజిన్ ఫోటో పంపాడు. బ్రష్ కట్టర్‌ది, అంటే చేత్తో పట్టుకొని గడ్డి కోసే మిషన్‌ది. క్లచ్ పీకేశాడు, షాఫ్ట్ చివర ఒక బోల్టు ముక్క వెల్డింగ్ చేయించాడు, దాని మీద 18 అంగుళాల చెక్క ప్రొపెల్లర్ (మేం ప్రాప్ అంటాం) బిగించాడు. ఫోటో కింద ఒకటే ప్రశ్న: "అన్నా, ఈ ప్రాప్ సరిపోతుందా? ఎంత లాగుద్ది?"

నాకు ఒళ్ళు మండింది. ఎంత లాగుతుందన్నది తర్వాత సంగతి. ఆ వెల్డింగ్ ఊడితే ఆ చెక్క ఎటు పోతుందో ముందు చెప్పమన్నాను. లెక్క కూడా వేసి పంపాను. 18 అంగుళాల ప్రాప్ నిమిషానికి 8000 చుట్లు తిరుగుతుంటే దాని కొస గంటకు దాదాపు 690 కిలోమీటర్ల వేగంతో పోతుంటుంది. అది నీ మోకాళ్ళకు అడుగు దూరంలో తిరుగుతుంటుంది తమ్ముడూ, అన్నాను. ఆ తర్వాత రిప్లై లేదు. అలిగినట్టున్నాడు. అలగనీ, పది వేళ్ళూ ఉంటాయి.

నేనేదో ఈ పనికి వ్యతిరేకిని అనుకోకండి. నా దగ్గర ఉన్నవాటిలో నాకు బాగా ఇష్టమైన విమానానికి ముక్కున ఉన్నది గడ్డి కోసే మిషన్ ఇంజినే. 26 సీసీ. దానితో నేను పడ్డ పాట్లు ఇంకెవరూ పడకూడదనే ఇంత కోపం.

ముందు ఒక అపోహ తీసేద్దాం. డబ్బు మిగులుతుందని ఈ పని మొదలుపెట్టేవాళ్ళు ఇప్పుడే మానుకోండి. ఒకప్పుడు పెద్ద మోడల్ విమానానికి పెట్రోల్ ఇంజిన్ కావాలంటే వేరే దారి పెద్దగా లేదు, తోట పనిముట్లు విప్పుకోవాల్సిందే. ఇప్పుడు విమానాల కోసమే చేసినవి దొరుకుతున్నాయి. డీఎల్‌ఈ కంపెనీ 30 సీసీ ఇంజిన్ చూడండి, ఇగ్నిషన్ (స్పార్క్ పుట్టించే యూనిట్), సైలెన్సర్ పక్కన పెడితే ఇంజిన్ ఒంటి బరువు 910 గ్రాములు. నా 26 సీసీది ఎంత పీకినా, ఎంత చెక్కినా, ఇగ్నిషన్‌తో కలిపి కిలోన్నర దగ్గర ఆగిపోయింది. హబ్‌కి (ప్రాప్‌ని షాఫ్ట్‌కి పట్టించే ముక్క), ఇగ్నిషన్‌కి, పాడు చేసుకున్న భాగాలకి అయిన ఖర్చు కూడితే ఆదా ఏమీ మిగల్లేదు. ఇంట్లో మాత్రం ఈ లెక్క ఎప్పుడూ చెప్పలేదు.

మరి ఎందుకు చేస్తారంటే, చేసినవాడికి ఇంజిన్ అర్థమవుతుంది. అంతకు మించి పెద్ద కారణం నా దగ్గర లేదు.

చిత్రమేమిటంటే ఇంజిన్ పెట్టిన మోడల్ విమానాలు హాబీగా జనంలోకి వచ్చింది పెట్రోల్‌తో, స్పార్క్ ప్లగ్‌తోనే. 1930లలో బిల్ బ్రౌన్ చేసిన చిన్న ఇంజిన్లు అలాంటివే. 1940ల చివర్లో రే ఆర్డెన్ గ్లో ప్లగ్ (స్పార్క్ లేకుండా, ఎర్రగా కాలే తీగతో మంట పెట్టేది) మార్కెట్లోకి వచ్చాక కాయిలూ బ్యాటరీ మోసే బాధ తప్పింది, అందరూ మిథనాల్ ఇంధనం వైపు పోయారు. మళ్ళీ స్పార్క్ ప్లగ్ ఈ హాబీలోకి రావడానికి గడ్డి మిషన్లు చాలా సాయం చేశాయి. 1971లో హ్యూస్టన్‌లో జార్జ్ బల్లాస్ అనే ఆయన కార్ వాష్‌లో తిరిగే బ్రష్‌లు చూసి, ఖాళీ డబ్బాకి దారాలు కట్టి గడ్డి కోసే ప్రయోగం చేశాడట. ఆయన బాధంతా చెట్ల మొదళ్ళ దగ్గర మిగిలిపోయే గడ్డి గురించి. ఆ మిషన్ల ఇంజిన్లను కొన్నాళ్ళకు మనలాంటివాళ్ళు విమానాలకు తగిలిస్తారని ఆయన కలలో కూడా అనుకొని ఉండడు.

సరే, అసలు విషయం. గడ్డి మిషన్‌లో ఫ్లైవీల్, అంటే షాఫ్ట్‌కి ఉండే బరువైన చక్రం, ఒక్కటే మూడు నాలుగు పనులు చేస్తుంది. దాని అంచున ఉన్న అయస్కాంతం కాయిల్ ముందు నుంచి పోయినప్పుడు స్పార్క్ పుడుతుంది. దాని రెక్కలే ఫ్యాన్, సిలిండర్‌ని చల్లబరుస్తాయి. దాని బరువే ఇంజిన్‌ని సాఫీగా తిప్పుతుంది. తాడు లాగి స్టార్ట్ చేసే పళ్ళు కూడా చాలావాటిలో దానికే ఉంటాయి. మనవాళ్ళు బరువు తగ్గించాలని గ్రైండర్ తీసుకొని ఆ రెక్కలు కోసేస్తారు. ఒక వైపు అయస్కాంతం ఉంది కాబట్టి దాని బరువుకి సరిపడా ఎదురు వైపు లోహం ఎక్కువ పోసి ఉంటారని ఎవరూ చూడరు. అడ్డదిడ్డంగా కోసిన ఫ్లైవీల్ ఇంజిన్‌ని కుక్కపిల్ల ఒళ్ళు దులుపుకున్నట్టు ఊపేస్తుంది. తగ్గించాలంటే లేత్ మీద పెట్టి చుట్టూ సమానంగా తియ్యాలి. అది చేతకాకపోతే అలాగే వదిలెయ్యండి, బరువుంటే ఉండనీ.

నేనైతే ఫ్లైవీల్ మొత్తం తీసేసి ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ పెట్టమంటాను. హబ్‌లో ఒక చిన్న అయస్కాంతం, దాని ముందు ఆ అయస్కాంతాన్ని పసిగట్టే హాల్ సెన్సర్, పిస్టన్ పైకొస కంటే సుమారు 28 డిగ్రీల ముందు స్పార్క్. మంచి యూనిట్ అయితే స్టార్టింగ్‌లో స్పార్క్‌ని వెనక్కి జరుపుతుంది, కాబట్టి చేత్తో తిప్పేటప్పుడు ఎదురు తన్నడం తగ్గుతుంది. పాత పద్ధతిలో తాడు పీకేసి ప్రాప్‌ని చేత్తో తిప్పితే ఆ వేగానికి సరిగ్గా స్పార్కే రాదు, భుజం పోతుంది. ఇంకొకటి, దీని గురించి ఎవరూ మాట్లాడరు. మాగ్నెటో ఇంజిన్‌ని, అంటే ఫ్లైవీల్ అయస్కాంతంతో స్పార్క్ పుట్టేదాన్ని, ఆపాలంటే కాయిల్ వైరుని బాడీకి తగిలించాలి. ఆ వైరు తెగిందనుకోండి, ఇంజిన్ ఆగదు. ఎలక్ట్రానిక్‌లో బ్యాటరీ వైరు తెగితే ఇంజిన్ ఆగిపోతుంది. గాలిలో ఆగిపోయిన ఇంజిన్‌తో నేను ఎలాగోలా దిగుతాను. నేల మీద ఆగనంటున్న ఇంజిన్ దగ్గరికి మాత్రం పోలేను.

హబ్ సంగతికొద్దాం, అంటే తమ్ముడి వెల్డింగ్ సంగతికి. నా మొదటి హబ్ ఒక లేత్ షాపులో చేయించాను. చూడ్డానికి తళతళలాడింది. ఇంజిన్ తిరిగింది, నేను గంతులేశాను. రెండో రోజు సైలెన్సర్ బోల్టులు వదులయ్యాయి. మూడో రోజు ట్యాంకులో పెట్రోల్ నురగ కట్టి, ఆ బుడగలు పైపులోకి పోయి ఇంజిన్ ఆగిపోయింది. నేనేమో కార్బురేటర్ మీద పడ్డాను. చివరికి అనుమానం వచ్చి డయల్ గేజ్ (వంకర ఎంతుందో కొలిచే ముల్లు మీటర్) పెట్టి తిప్పితే హబ్ మధ్య నుంచి 0.3 మిల్లీమీటర్లు పక్కకుంది, ఊపంతా అక్కడిదే. మరలు కోసిన ఆయన షాఫ్ట్ మరని సరిగ్గా పట్టించుకోలేదు, నేను కొలిచి తీసుకోలేదు. తప్పు ఇద్దరిదీ, బోల్టులు వెతుక్కున్నది నేనొక్కణ్ణే.

వెల్డింగ్‌తో అయితే అది మధ్యలో కూర్చునే అవకాశమే లేదు. పైగా ఆ వేడికి షాఫ్ట్ ఉక్కు గుణం మారిపోతుంది, పగుళ్ళు అక్కడే మొదలవుతాయి. కొన్ని చిన్న ఇంజిన్లలో క్రాంక్‌కి (పిస్టన్ తిప్పే షాఫ్ట్‌కి) ఒక వైపే బేరింగులు ఉంటాయి, రెండో వైపు ఆసరా ఉండదు. అలాంటిదానికి వంకర హబ్ తగిలిస్తే ఇంక చెప్పేదేముంది. సాధారణ కుడి మర నట్టు ప్రాప్ మామూలుగా తిరిగేటప్పుడు బిగుస్తూ ఉంటుంది, కానీ ఇంజిన్ ఒక్కసారి ఎదురు తన్నిందంటే అదే నట్టు వదులవుతుంది. ప్రాప్ ఎగిరిపోవడం నేను చూశాను. అప్పుడు దాని వెనకాల ఉన్నాను కాబట్టి ఈ పోస్ట్ రాస్తున్నాను.

ఇప్పుడు నన్ను ఏడిపించిన బెజ్జం గురించి. ఈ ఇంజిన్లకు ఉండేది పొరలతో పనిచేసే కార్బురేటర్, ఎక్కువగా వాల్‌బ్రో కంపెనీ రకం. ఇందులో పెట్రోల్ నిలిచే గిన్నె, అందులో తేలే బుడ్డీ ఉండవు, అందుకే మిషన్‌ని ఎటు తిప్పినా ఇంజిన్ ఆగదు. విమానం తలకిందులైనా ఆగదు, మనకు కావాల్సింది అదే. ఒక పొర క్రాంక్ కేసులో వచ్చే ఒత్తిడి ఎగుడుదిగుళ్ళతో కొట్టుకుంటూ పెట్రోల్‌ని లాగుతుంది. ఇంకో పొర ఎంత పెట్రోల్ పోవాలో చూసుకుంటుంది. ఈ రెండో పొర మీద ఒక మూత, ఆ మూత మధ్యలో గుండుసూది పట్టేంత బెజ్జం. లోపలి పీల్పుకీ బయటి గాలి ఒత్తిడికీ ఉన్న తేడాని బట్టి పొర కదులుతుంది, ఆ బయటి గాలి లోపలికి వచ్చేది ఈ బెజ్జంలోంచే.

స్టాండ్ మీద ఇంజిన్ గడియారంలా నడిచింది. విమానానికి ఎక్కించి, ముక్కు మీద ఫైబర్ తొడుగు బిగించి ఎగరేశాను. నిదానంగా పోయినంతసేపు బాగుంది. కాస్త డైవ్ కొట్టి వేగం పెరగ్గానే ఇంజిన్ గొంతు పూడుకున్నట్టు బుడబుడమంది, వెనకాల పొగ. పెట్రోల్ ఎక్కువైపోతోందని కిందకి దించి, పెట్రోల్‌ని తగ్గించే సూది స్క్రూ కొద్దిగా బిగించాను. మళ్ళీ డైవ్, మళ్ళీ పొగ, మళ్ళీ బిగింపు. మూడు ఆదివారాలు ఇదే పని. చివరికి డైవ్‌లో చక్కగా నడిచింది. ఆ సంతోషంలో నిటారుగా పైకి లాగాను. సగం ఎత్తులో సన్నగా ఈల వేసినట్టు ఒక శబ్దం, ఆ తర్వాత నిశ్శబ్దం. విమానం పొదల్లో దిగింది. వేలు పెట్టి చూస్తే సిలిండర్ కాలిపోతోంది.

జరిగిందేమిటంటే, వేగం పెరిగేకొద్దీ తొడుగులోకి దూరిన గాలి ఆ బెజ్జాన్ని నొక్కుతోంది, పొర కిందికి పోయి పెట్రోల్ ఎక్కువ వదులుతోంది. నేను దాన్ని సరిచేస్తున్నాననుకొని వేగం లేనప్పుడు అందాల్సిన పెట్రోల్‌ని కూడా కోసేశాను. మందు చాలా చిన్నది. బెజ్జం మీద ఇత్తడి గొట్టం ముక్క అంటించి, ఒక సన్నటి పైపు తగిలించి, దాని కొసని గాలి కదలని చోటికి, విమానం పొట్టలోకి పంపాను. పావుగంట పని. ఆ తర్వాత సూది స్క్రూ ముట్టుకోలేదు.

మిగతావి గబగబా చెప్పేస్తాను. గ్లో ఇంజిన్ ట్యాంకు రబ్బరు బిరడా పెట్రోల్‌కి కరిగిపోతుంది, సిలికాన్ పైపులు ఉబ్బిపోతాయి. పెట్రోల్‌కి తట్టుకునేవి వేరే ఉంటాయి, అవే వాడండి. ఫ్యాన్ తీసేశారు కాబట్టి గాలి వచ్చే దారికంటే పోయే దారి రెండు మూడు రెట్లు పెద్దదిగా ఉండాలి, గాలి సిలిండర్ రెక్కల మధ్య నుంచే పోయేలా అడ్డు కట్టాలి. ఇగ్నిషన్ డబ్బాని రేడియో రిసీవర్‌కి వీలైనంత దూరం పెట్టండి. కొత్త రకం గడ్డి మిషన్లలో పొగ తగ్గించడానికి విడిగా గాలి దారి పెట్టిన ఇంజిన్లు వస్తున్నాయి, కార్బురేటర్‌లో రెండు దారులుంటాయి. మొదటిసారి చేసేవాళ్ళు వాటి జోలికి పోవద్దు.

ఇక స్టిక్కర్ మీద రాసిన హార్స్ పవర్ చూసి మురిసిపోయేవాళ్ళకు ఒక మాట. గడ్డి మిషన్ అయినా, రంపం మిషన్ అయినా ఆ పవర్ ఇచ్చేది ఎక్కువ చుట్ల దగ్గర. పెద్ద ప్రాప్ దాన్ని 7000 దగ్గరే పట్టేస్తుంది. అదే ప్రాప్‌ని 7000 నుంచి 8000కి తీసుకెళ్ళాలంటే దాదాపు ఒకటిన్నర రెట్లు పవర్ కావాలి. అందుకే స్టిక్కర్ చూసి ప్రాప్ సైజు చెప్పడం కుదరదు. స్టాండ్‌కి గట్టిగా బిగించి, రెండు మూడు ప్రాప్‌లు మార్చి, చుట్లు కొలిచే టాకోమీటర్ పట్టుకొని చూడాల్సిందే. చూసేటప్పుడు వెనక నిలబడాలి, పక్కన కాదు.

తమ్ముడూ, ఇది నువ్వు చదువుతున్నావని తెలుసు. ఆ వెల్డింగ్ చేసిన షాఫ్ట్ పక్కన పడేసి, కొత్త క్రాంక్ వేసి, హబ్ మీద డయల్ గేజ్ పెట్టి ఫోటో పంపు. ప్రాప్ సైజు అప్పుడు మాట్లాడుకుందాం.