అటక గారికి, తుమ్ముల మధ్య

గౌరవనీయులైన అటక గారికి,

నిన్న ఆదివారం మధ్యాహ్నం మూడు గంటలసేపు తమ సన్నిధిలో గడిపాను. నేనడిగింది స్పీకర్ల వైరు. తమరు ప్రసాదించినవి మూతల్లేని రెండు కుక్కర్లు, పాత కేలండర్ల కట్ట, ఒక తేలు. "రేపే దించుకుందాంలే" అని వైరు పైన పెట్టింది నేనే కాబట్టి దాని సంగతి వదిలేద్దాం.

ఆ వైరు దొరికితే విందామనుకున్నది అమెరికా గాయని బెట్టీ లావెట్‌ని. ఆవిడ విషయం మాత్రం వదలనండీ.

డెట్రాయిట్ పిల్ల. 1962లో, పదహారేళ్లకే మొదటి రికార్డుతో హిట్టు కొట్టింది. ఆ తర్వాత ఈ కంపెనీ, ఆ కంపెనీ అంటూ పదేళ్లు తిరిగింది. 1972లో అట్లాంటిక్ రికార్డుల కంపెనీ వాళ్లు అలబామాలోని మజిల్ షోల్స్‌లో ఆవిడ చేత ఆల్బమ్ మొత్తం పాడించారు. పాడించి, అటకెక్కించారు! ఆవిడ భోజనాల బల్ల కిందికి దూరి కొన్నాళ్లు బయటికే రాలేదట.

తమరు దాన్ని ఎన్నాళ్లు ఉంచుకున్నారో గుర్తుందా? 28 ఏళ్లు. ఆవకాయ జాడీని కూడా మేం అన్నాళ్లు ఉంచం. ఈలోగా ఆవిడ డిస్కో పాడింది, సంగీత నాటకాల్లో వేసింది, చిన్న చిన్న క్లబ్బుల్లో గొంతు అరగదీసుకుంది. టేపులు అగ్నిప్రమాదంలో బూడిదయ్యాయని అందరూ అనుకున్నారు. కాలితే కనీసం ఏడ్చి ఊరుకునేవాళ్లం. కాలలేదు! నీ పొట్టలోనే ఉన్నాయి! నోరు విప్పావా? జిల్ పెటార్ అనే ఫ్రెంచి రికార్డుల పిచ్చాయన వెంటపడి వెతికి, 2000లో బయటికి తెచ్చాడు. ఇరవయ్యారేళ్లప్పుడు పాడిన పాటలు యాభై నాలుగో ఏట విడుదలయ్యాయి. సిగ్గుందా నీకు?

2007లో ఆవిడ మళ్లీ మజిల్ షోల్స్ వెళ్లి ఇంకో ఆల్బమ్ చేసింది. పేరేం పెట్టిందో తెలుసా? 'నేరం జరిగిన చోటు' అని అర్థం వచ్చే పేరు. చదువుకో. రెండేళ్లకి, ఒబామా ప్రమాణ స్వీకార సంబరాల్లో, లింకన్ మెమోరియల్ ముందు నిలబడి పాడింది.

నాకు ఇంకా మండేది ఎక్కడంటే, ఆ గీరుకుపోయిన ముసలి గొంతే నాకు ఎక్కువ ఇష్టం. పాత టేపులో గొంతు నున్నగా ఉంటుంది, బాగుంటుంది, కానీ రెండోసారి వినాలంటే ఈ గొంతే పెడతాను. అందులో నీ చేయి కూడా ఉందని ఎవరైనా అంటే ఒప్పుకోను.

నిచ్చెన ఇంకా నీ కిందే ఉంది. వైరు ఇస్తావా, ఇవ్వవా?

ఇట్లు,
కింద నిలబడి తుమ్ముతున్నవాడు