ఫిట్‌నెస్ సర్టిఫికెట్ మర్నాడు

కుంగుబాటుతోనో తీవ్రమైన ఆందోళనతోనో రెండు మూడు నెలలు సెలవు పెట్టిన ఉద్యోగి తిరిగి ఆఫీసు మెట్లెక్కే రోజున, జబ్బు నయమైందా లేదా అన్న అనుమానం కంటే అక్కడివాళ్లు ఏమనుకుంటున్నారో అన్న సంకోచమే అతణ్ని ఎక్కువగా వెనక్కి లాగుతుంది. కాలు విరిగి వచ్చినవాణ్ని నలుగురూ చుట్టూ చేరి పలకరిస్తారు. మనసు బాగోక వెళ్లొచ్చినవాడు ఎదురుపడితే మాట మారుస్తారు. మానసిక వైద్యశాలలున్న హైదరాబాద్ ఎర్రగడ్డ, విశాఖ చినవాల్తేరు పేర్లు ఇప్పటికీ వెక్కిరింతగా వాడుకలో ఉన్నచోట, సెలవు కాగితం మీద అసలు సంగతి రాయించుకోవడానికి జంకి నడుమునొప్పి అనో కామెర్లు అనో రాయించుకునేవారిని తప్పుపట్టలేం. అయితే ఆ అబద్ధానికి వడ్డీ తిరిగొచ్చాక కట్టాలి. కామెర్లు తగ్గిపోయాయి కదా, ఇంకా పని ఎందుకు తగ్గించాలని పైఅధికారి అడిగితే చెప్పుకోవడానికి ఏమీ ఉండదు.

అలాంటివారికి ఇంట్లోనూ బయటా దొరికే సలహా ఒక్కటే, ధైర్యం తెచ్చుకోమని. ఈ ధైర్యం మనిషి లోపలినుంచి ఊరుతుందనుకోవడమే పొరపాటు. దిగులు తగ్గిన తర్వాత కూడా కొన్నాళ్లపాటు చాలామందిలో ఏకాగ్రత, జ్ఞాపకం, నిర్ణయాలు తీసుకునే వేగం పూర్వస్థితికి రావు. కొన్ని మందుల వల్ల పొద్దుటిపూట మగత ఉంటుంది. అరగంటలో తేల్చే ఫైలు గంటన్నర పట్టినప్పుడు, ఇది కోలుకోవడంలో భాగమని చెప్పేవారు లేకపోతే, తానిక పనికిరానన్న నిర్ణయానికి ఆ ఉద్యోగే వచ్చేస్తాడు. మొదటి నెలలో పెట్టే పని, ఇచ్చే గడువు, వేసే షిఫ్టు అతని నమ్మకాన్ని నిలబెడతాయి, లేదా కూలుస్తాయి.

మన నిబంధనలకు ఈ మొదటి నెల కనిపించదు. వైద్య కారణాలతో సెలవు పెట్టిన ప్రభుత్వోద్యోగి ఫిట్‌నెస్ సర్టిఫికెట్ ఇస్తేనే విధుల్లో చేరాలి. ఇచ్చిన క్షణం నుంచి పూర్తి బాధ్యత అతనిదే. ఈఎస్ఐ పరిధిలోని కార్మికునికి సాధారణంగా ఏడాదికి 91 రోజుల వరకు జీతంలో 70 శాతం అందుతుంది, పనిలోకి తిరిగొచ్చిన రోజు నుంచి అతడు కూడా నిండు షిఫ్టుకే వెళ్లాలి. జబ్బు, ఆరోగ్యం తప్ప మధ్యస్థితి లేదన్నట్టు ఈ లెక్క నడుస్తోంది. జర్మనీలో డాక్టరు రాసిచ్చిన ప్రణాళిక ప్రకారం రోజుకు కొద్ది గంటలతో మొదలుపెట్టి వారాల తరబడి పెంచుకుంటూ పోయే పద్ధతి చట్టంలోనే ఉంది. అంతవరకు జబ్బు భృతి ఆగదు.

మన చట్టాలకు దయ లేదనలేం. సర్వీసులో ఉండగా వైకల్యం వస్తే ప్రభుత్వ ఉద్యోగిని తొలగించకూడదని, హోదా తగ్గించకూడదని 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం చెబుతోంది, అందులో మానసిక వ్యాధులూ ఉన్నాయి. సీఆర్‌పీఎఫ్ అధికారి ఒకరి కేసులో 2021 డిసెంబరులో సుప్రీంకోర్టు, మానసిక వైకల్యం ఉన్న ఉద్యోగిపై క్రమశిక్షణ చర్యలు పరోక్ష వివక్ష అవుతాయని తేల్చింది. కానీ ఆ చట్టం దీర్ఘకాలిక వైకల్యం గురించి మాట్లాడుతుంది. మూడు నెలల కుంగుబాటు నుంచి తేరుకుని వచ్చిన టీచరుకు, అమెరికా వేళల ప్రకారం రాత్రంతా మేలుకోవలసిన మాదాపూర్ ఉద్యోగికి అందులో దొరికే ఆసరా తక్కువ.

బస్సు డ్రైవరు మాటేమిటన్న ప్రశ్న న్యాయమైనదే. మగత తెచ్చే మందు వాడుతున్నంతకాలం అతణ్ని స్టీరింగు ముందు కూర్చోబెట్టకూడదు. డిపోలో మరో పని ఇవ్వాలి, జీతం తగ్గించకుండా ఇవ్వాలి. మిగతా కొలువుల్లో ఇంత చిక్కు లేదు. చేరే ముందు ఉద్యోగితో ఒకసారి కూర్చుని, తోటివారికి ఎంతవరకు చెప్పాలో అతణ్నే నిర్ణయించుకోనిచ్చి, నాలుగైదు వారాలు అరపూట పనికి అనుమతించి, మిగిలిన సగాన్ని అతని మెడికల్ లీవులో రాసుకుంటే ఖజానా మీద పడే భారం స్వల్పం. క్యాజువల్ లీవును సగం రోజుగా వాడుకునే వీలు మన ప్రభుత్వ కార్యాలయాల్లో ఎప్పటినుంచో ఉంది. అదే వీలును వైద్య సెలవులకూ కల్పిస్తూ రెండు తెలుగు ప్రభుత్వాలూ ఉత్తర్వులివ్వాలి.