బ్యాండ్ పలచబడితే రిసెప్టర్ పోయినట్టేనా?

మొక్కల రిసెప్టర్ల (బయటి సంకేతాలను పసిగట్టే ప్రొటీన్ల) మీద వచ్చే పరిశోధన పత్రాల్లో ఒక వాక్యం దగ్గర నాకు ఒళ్లు మండుతుంది. ఆకుకు ఏదో పట్టించారు, ప్రొటీన్లను యాంటీబాడీతో గుర్తించే వెస్టర్న్ బ్లాట్‌లో ఆ ప్రొటీన్ ఎంతుందో చూపే బ్యాండ్ (గీత) పలచబడింది, ఇక 'రిసెప్టర్ కణంలో విచ్ఛిన్నమైంది' అని తేల్చేస్తారు. కణంలోనా, మీ ట్యూబులోనా?

ఎదిగిన మొక్క కణంలో చాలావరకు జాగా రిక్తికదే, అంటే ద్రవంతో నిండిన సంచిదే. కొన్ని కణాల్లో 90 శాతం దాకా ఉంటుంది. అందులో ఆమ్లం, రకరకాల ప్రొటియేజులు, అంటే ప్రొటీన్లను కత్తిరించే ఎంజైములు. బతికున్న ఆకులో పొరను అంటిపెట్టుకుని క్షేమంగా ఉన్న రిసెప్టర్, ప్రొటీన్ తీయడానికి ఆకును నూరిన మరుక్షణం వాటి మధ్య వచ్చి పడుతుంది. ఫినాలిక్ పదార్థాలు ఆక్సీకరణ చెంది ప్రొటీన్లకు అతుక్కోవడం వేరే తలనొప్పి. రసం గోధుమ రంగుకు తిరిగాక ఫినాలిక్‌లను పట్టేసే పీవీపీపీ వేసి లాభం లేదు.

'ప్రొటియేజులను ఆపే పీఎంఎస్ఎఫ్ వేశాం కదా' అంటారు. ఎప్పుడు వేశారు? అది నీటిలో నిలవదు. పీహెచ్ 8 బఫర్‌లో, గది ఉష్ణోగ్రత వద్ద గంట తిరగకముందే సగానికి పైగా పోతుంది. పొద్దున కలిపి సాయంత్రం వాడే బఫర్‌లో దాని పేరు మాత్రమే మిగులుతుంది. నిలిచినా ప్రధానంగా ఆపేది సెరిన్ ప్రొటియేజులనే. సిస్టీన్ రకానికి ఈ-64, ఆస్పార్టిక్ రకానికి పెప్‌స్టాటిన్ ఎక్కడ?

ఇక వాళ్ల బ్రహ్మాస్త్రం: రెండు నమూనాలకూ ఒకే బఫర్ వాడాం, కాబట్టి తేడా కణంలోదే. ఒప్పుకోను. సూక్ష్మజీవిని పసిగట్టి రక్షణకు దిగిన ఆకులో ప్రొటియేజుల బలగం మారి ఉండవచ్చు. బఫర్ ఒకటే అయినా రసం ఒకటి కాదు. ఇది తేల్చడానికి పెద్ద ఖర్చు కూడా లేదు. ద్రవ నత్రజనిలో నూరిన రెండు పొడులనూ సగం సగం కలిపి, ఆ మిశ్రమం నుంచి ప్రొటీన్ తీయండి. బ్యాండ్ రెండింటి సగటుకు దగ్గరగా ఉంటే సరే. అంతకంటే బాగా పడిపోతే ఒక ఆకు రసం రెండో ఆకు రిసెప్టర్‌ను తినేస్తోందని అనుమానించాలి. మరికొంత పొడిని నేరుగా, ప్రొటీన్ల మడతలు విప్పి ప్రొటియేజులనూ చాలావరకు ఆపేసే ఎస్‌డీఎస్ బఫర్‌లో వేసి, దాన్నీ పక్కనే నడిపించండి. (పొరను పలుమార్లు దాటే ప్రొటీన్లను 95 డిగ్రీల వద్ద మరిగిస్తే ముద్దకట్టి జెల్ పైభాగంలోనే చిక్కుకోవచ్చు. అప్పుడూ బ్యాండ్ మాయమే!)

ప్రయోగశాలల్లో వాడే అరబిడాప్సిస్ మొక్కలో ఎఫ్‌ఎల్‌ఎస్2 అనే రిసెప్టర్ సంగతి నేను నమ్ముతాను. బ్యాక్టీరియా కశాభంలోని ఎఫ్‌ఎల్‌జీ22 అనే ప్రొటీన్ ముక్క తగలగానే అది పొర నుంచి లోపలికి వెళ్లి విచ్ఛిన్నమవుతుందని 2006లో చూపించినప్పుడు, జీఎఫ్‌పీ అనే మెరిసే ప్రొటీన్ తగిలించి సజీవ కణంలోనే ఆ ప్రయాణాన్ని సూక్ష్మదర్శినితో చూశారు. ఒక్క బ్లాట్‌నే నమ్ముకోలేదు.

నూరడానికీ ఎస్‌డీఎస్ కలపడానికీ మధ్య ఎన్ని నిమిషాలు పట్టింది, మంచు మీద ఉంచారా, నిరోధకాలు అప్పటికప్పుడు కలిపారా అన్నవి చాలా పత్రాల్లో ఎంత వెతికినా దొరకవు. 'ప్రామాణిక పద్ధతిలో ప్రొటీన్‌ను వెలికితీశాం' అని ఉంటుంది. సమీక్షకులూ దాన్ని దాటుకుని వెళ్లిపోతారు, యాంటీబాడీ కేటలాగ్ నంబరు లేకపోతే మాత్రం పేజీలకొద్దీ నిలదీస్తారు.